రాయని రెండో కాపీ

ఓబుళేశు ఏ పెద్ద కేసుకైనా తీర్పు ముందురోజే రెండు వార్తలు, పేపరోళ్ళ మాటలో రెండు కాపీలు, రాసి పెట్టుకునేవాడు. ఒకదాంట్లో ముద్దాయికి శిక్ష పడేది. ఇంకోదాంట్లో అదే ముద్దాయి నేరం రుజువు కాక దర్జాగా ఇంటికి పోయేవాడు. రెండూ జిల్లా డెస్కుకు పంపి, నేను ఫోన్ చేసినాకే వాడండి అని కింద ఒక ముక్క రాసేవాడు. కోర్టులో జడ్జి నోరు తెరిచి తీర్పు చదివినాక బయటికొచ్చి, మొదటిది పెట్టండి అనో, రెండోది పెట్టండి అనో చెప్పేవాడు. జిల్లా పేజీ సాయంత్రానికే ముగించేస్తారు. తీర్పులేమో భోజనాలు దాటినాక గానీ రావు. రెండు వేళ్ళతో టైపు కొట్టే మనిషి అంతకన్నా ఏం చేస్తాడు? శిక్షా నువ్వే వేస్తివి, విడుదలా నువ్వే చేస్తివి, ఇంగ జడ్జికి జీతమెందుకు దండగ అని భార్య నాగశ్రీ ఎగతాళి చేసేది. ఆయనా నవ్వేవాడు. నవ్వుకునే రోజులు కాబట్టి నవ్వినాడు.

ఆయనది కల్లూరులో చిల్లర అంగడి కుటుంబం. తండ్రి రామకోటయ్య పొద్దున్నే దీపం పెట్టి త్రాసు ముందు కూర్చునే మనిషి. కొడుకూ అట్లే కూర్చుంటాడని చూసి చూసి, కళ్ళు కాయలు కాచి, చివరికి కోడలి చేతికి అంగడి అప్పగించి కన్నుమూసినాడు. ఓబుళేశు డిగ్రీ చదివేటప్పుడు ఎవరో స్నేహితుని వెంట కోర్టుకు పోయి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆ కూర్చోవడం కూర్చోవడమే, తల నెరిసేదాకా లేవలేదు. కార్డు మీద లీగల్ కరెస్పాండెంట్ అని గొప్పగానే ఉంటుంది. చేసే పని మాత్రం వకీళ్ళ ఇంగ్లీషును, జడ్జీల ఇంగ్లీషును వాయిదాకు వచ్చిన ముసలమ్మకు అర్థమయ్యే తెలుగులోకి దించడం. కన్నకొడుక్కు ఏం శిక్ష పడిందో తెలియక, వరండాలో ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ తిరిగే తల్లులు ఆయన కంట పడేవాళ్ళు. వాళ్ళను పక్కకు పిలిచి, బల్ల మీద కూర్చోబెట్టి, తీర్పేమిటో నెమ్మదిగా చెప్పేవాడు. ఎవరూ చెప్పమనలేదు. చెప్పినందుకు ఎవరూ మెచ్చుకోనూలేదు.

జడ్జి శేషన్నతో ఆయన స్నేహం ఒక తప్పుడు వార్తతో మొదలైంది. శేషన్న అప్పట్లో ఆళ్ళగడ్డలో కొత్తగా వచ్చిన చిన్న జడ్జి, ఓబుళేశు అక్కడ కొత్త విలేకరి. ఒక దొంగతనం కేసులో ఎవరో గుమాస్తా చెప్పిన మాట పట్టుకుని, ముద్దాయికి జైలు అని తీర్పుకు ముందే రాసి పంపేసినాడు. తీరా చూస్తే కేసు కొట్టేసినారు. తెల్లారి ఆ మనిషి ఇంట్లో ఉన్నాడు, పేపర్లో మాత్రం జైల్లో ఉన్నాడు. జడ్జి పిలిపిస్తే, ఇంక నా పని అయిపోయిందిరా దేవుడా అనుకుంటూ ఓబుళేశు చాంబర్లోకి పోయినాడు. శేషన్న గొంతు పెంచలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, ఒకటే మాట అన్నాడు.

"నేను నోరు తెరిచి చదివినాకనే అది తీర్పప్పా. అందాక నా చేతిలో ఉన్నా అది ఉత్త కాగితం."

ఆ మనిషి ఇంటికి పోయి క్షమాపణ అడిగి రమ్మన్నాడు. ఓబుళేశు పోయినాడు, అడిగినాడు, వచ్చి ఆ సంగతి జడ్జికి చెప్పినాడు. రెండు కాపీల అలవాటు ఆ వారం నుంచే మొదలు. స్నేహమూ అప్పటి నుంచే.

జడ్జి బతుకు ఎట్లాంటిదో బయటోళ్ళకు తెలియదు. పెళ్ళికి పిలిస్తే పోకూడదు, ఎవరింట్లో కాఫీ తాగకూడదు. తాగితే, రేపు ఆ ఇంటాయనే ముద్దాయిగా వచ్చి బోనులో నిలబడతాడేమోనని బెదురు. ఊరంతా చేతులెత్తి నమస్కారం పెడుతుంది, ఒక్కడూ మనసు విప్పి పలకరించడు. శేషన్న బదిలీల మీద రాష్ట్రమంతా తిరిగి, అదనపు జిల్లా జడ్జిగా కర్నూలుకు వచ్చేటప్పటికి ఆయనకు నోరారా మాట్లాడేందుకు మిగిలింది ఓబుళేశు ఒక్కడే. పొద్దున్నే ఇద్దరూ కేసీ కాలువ గట్టు మీద నడిచేవాళ్ళు. జడ్జి అనేవాడు టిఫిన్ బండి దగ్గర నిలబడి తింటే బాగుండదు కాబట్టి, ఓబుళేశే పోయి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పొట్లం కట్టించుకొచ్చేవాడు. ఆయన కాలువ వైపు మొహం తిప్పుకుని చిన్నపిల్లోని మాదిరి ఆబగా తినేవాడు. వానల సంగతి, జమ్మలమడుగులో ఆయన అన్నదమ్ముల సేద్యం, ఆయన మోకాళ్ళ నొప్పి, అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. కేసుల ఊసు మాత్రం పొరపాటున కూడా వచ్చేది కాదు. ఎవరూ పెట్టని కట్టుబాటు అది, ఇద్దరూ దాటలేదు.

శేషన్నకు ఒక పట్టింపు ఉండేది. ఎవరికైనా యావజ్జీవం వేయాల్సి వస్తే, తీర్పు రాయడం మొదలుపెట్టిన నాటి నుంచి కోర్టులో చదివేదాకా ఒక్కపొద్దు ఉండేవాడు. పగలంతా పచ్చి మంచినీళ్ళే, రాత్రికి ఇంత అన్నం. ఒక మనిషిని బతుకంతా లోపల పెట్టేటప్పుడు నేను మూడుపూటలా ఎట్ల తినేదని ఆయన లెక్క. ఇది భార్య అలివేలమ్మకు తప్ప ఎవరికీ తెలియదని అనుకున్నాడు. ఓబుళేశుకూ చెప్పలేదు. కానీ ఉగ్గాని వద్దన్న పొద్దులకూ, ఆ తర్వాత కోర్టులో పడిన శిక్షలకూ ఉన్న లంకె ఓబుళేశు ఎప్పుడో కనిపెట్టేసినాడు. అయినా ఏమీ తెలియనట్టే రెండు కాపీలూ రాసుకుంటూ పోయినాడు.

అప్పుడొచ్చింది ఏసుబాబు కేసు.

కల్లూరు అవతల నాపరాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. ఏసుబాబు అందులో పనివాడు, పెళ్ళి కావల్సిన వయసు. ఆ రాతిదుమ్ము పీల్చి పీల్చి మనుషులు నలభై ఏళ్ళకే దగ్గుతూ మంచం పడుతున్నారు. నీళ్ళు చల్లే గొట్టాలు పెట్టండి, నెలకోసారి డాక్టరును పిలిపించండి అని వాడు పనివాళ్ళ సంతకాలు పెట్టించి అర్జీ తయారుచేసినాడు. అంత మాత్రానికే యజమాని, ఇద్దరు మనుషులు కలిసి వాడిని వెనక దొడ్లోకి ఈడ్చుకుపోయి చావగొట్టినారు. చచ్చినాక పేర్చిన నాపరాతి పలకలను మీదికి తోసి, పలకలు జారి పడినాయని చెప్పినారు. చూసిన మనిషి ఒక్కతే, రాతిబురద ఎత్తిపోసే హనుమంతమ్మ. ఆమె కోర్టులో బోనెక్కి, యజమాని మొహం మీదనే వేలు చూపించి, చూసింది చూసినట్టు చెప్పింది.

ఏసుబాబు తల్లి కృపమణి కూలికి పోయే మనిషి. ఒక్కడే కొడుకు, మొగుడు ఎప్పుడో పోయినాడు. ప్రతి వాయిదాకూ వైరుబుట్టలో ఇద్దరికి సరిపడా సద్ది కట్టుకొచ్చేది, తనకూ, హనుమంతమ్మకూ. ఇద్దరూ వరండా మూలన కూర్చుని తినేవాళ్ళు. కృపమణికి ఒకటే ఆశ. నా బిడ్డ మీద పలకలు పడలేదు, వాడిని కొట్టి చంపినారు అని ఒక్క పెద్దమనిషి ఆ కుర్చీలో కూర్చుని అందరూ వినేట్టు చెప్పల్ల. వాళ్ళను ఉరి తీయమని కూడా ఆమె అడగలేదు. ఈ మాట ఓబుళేశుతో ఎన్నిసార్లు అనిందో.

తీర్పు రోజు దగ్గరపడింది. వారం నుంచి శేషన్న ఉగ్గాని ముట్టడం లేదు. కడుపులో బాగాలేదప్పా అంటాడు, ఓబుళేశు తల ఊపుతాడు.

ముందురోజు రాత్రి ఓబుళేశు అంగడి వెనక గదిలో కూర్చుని మొదటి కాపీ రాసినాడు. ముగ్గురికి యావజ్జీవం. చేయి ఎంత చక్కగా సాగిందంటే, తీర్పు వింటూ మృతుని తల్లి కన్నీళ్ళు పెట్టుకుందని కూడా రాసేసినాడు. తర్వాత రెండో కాపీ మొదలుపెట్టినాడు. సాక్ష్యాధారాలు లేనందున అనే దాకా వచ్చి ఆగిపోయినాడు. ఆ తల్లి వైరుబుట్ట కళ్ళ ముందుకొచ్చింది. ఉత్తుత్తికి రాసినా ఆ మాట రాయడానికి చేతులు రాలేదు. అయినా ఎందుకు రాయల్ల? శేషన్న సార్ సంగతి తనకు తెలియదా? రాసిన ముక్క చెరిపేసి, ఒకే ఒక్క కాపీ పంపి, కింద ఫోన్ చేసినాకే వాడండి అని ఎప్పుడూ రాసే ముక్కే రాసినాడు. ఆ తర్వాత కృపమణికి ఫోన్ చేసి, రేపు తప్పకుండా రామ్మా అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. కానీ ఆ గొంతులో ఉన్న సంతోషం ఆమెకు అర్థం కాకుండా ఉంటుందా?

ఇంక తెల్లారి జరిగింది చెప్పాలంటేనే మనసు చేదవుతుంది. ఎప్పుడూ రెండు కాపీలు వచ్చే చోట ఒకటే వచ్చింది. రెండుంటే ఏది పెట్టాలో తెలియక డెస్కు వాళ్ళు ఫోన్ కోసం కాచుకునేవాళ్ళు. ఒకటే ఉంటే కాచుకునేదేముంది? తీర్పు అయిపోయిందిలే అనుకున్నారు. కింద రాసిన ముక్క ఎవరూ చూడలేదు. కోర్టు తలుపులు తెరవక ముందే పేపరు యాప్‌లో ఎక్కించేసినారు. జడ్జి వచ్చి కూర్చునేటప్పటికి ఆ వార్త కర్నూలులో సగం ఫోన్లలో ఉంది.

ముద్దాయిల వకీలు లేచి, ఫోన్ జడ్జి చేతికి అందించినాడు. ఇంకా చెప్పని తీర్పు పేపర్లో ఎట్లా వచ్చింది, ఈ విలేకరి అయ్యగారితో రోజూ కాలువ గట్టున నడిచే మనిషేనా అని వినయంగానే అడిగినాడు. శేషన్న కళ్ళద్దాలు పెట్టుకుని వార్త చివరిదాకా చదివినాడు. తీర్పు కట్ట ఆయన ముందే ఉంది. చదివితే చదవొచ్చు. చదివితే, మిత్రునికి ముందే తీర్పు లీకు చేసిన జడ్జి అని పైకోర్టులో కొట్టేస్తారు, ముద్దాయిలు దొరల మాదిరి నడిచిపోతారు. తల ఎత్తి వెనక బల్ల వైపు ఒకసారి చూసినాడు. ఆ చూపులో కోపం ఉన్నా ఓబుళేశు తట్టుకునేవాడు. కోపం లేదు. ఈ తీర్పు తాను చెప్పడం సబబు కాదని, కేసు వేరే కోర్టుకు మార్చమని హైకోర్టుకు రాస్తానని చెప్పి, శేషన్న కట్ట మూసి లేచి లోపలికి పోయినాడు.

కృపమణికి ఏమీ అర్థం కాలేదు. వరండాలోకి వచ్చి, అందరి మొహాలూ చూసుకుంటూ ఓబుళేశు కోసం వెతికింది. ఎంతమంది తల్లులకో తీర్పులు విడమరిచి చెప్పిన మనిషి, ఆ రోజు ఆమె కంట పడకుండా వెనక గేటు నుంచి బయటికి పోయినాడు.

కాలువ గట్టు మీద ఆ తర్వాత ఒక్కసారే కలిసినారు.

"ఎట్ల తెలిసిందప్పా నీకు?" అన్నాడు శేషన్న.

"ఉగ్గాని వద్దన్నారు కద సార్."

శేషన్న నడక ఆపేసినాడు. "నోటితో చెప్పకుంటే చాలనుకుంటి," అన్నాడు.

డెస్కు ఇన్‌చార్జి ఒక ఉపాయం చెప్పినాడని ఓబుళేశు నసిగినాడు. రెండో కాపీ ఇప్పుడు టైపు చేసి, పాత తేదీ వేసుకుంటే, ఈ మనిషికి రెండూ రాసే అలవాటు, డెస్కు పొరపాటున ఒకటి పెట్టింది అని తేలిపోతుంది. సార్ మీద మచ్చ పడదు. కేసూ మళ్ళీ సార్ దగ్గరికే రావొచ్చు.

"లేనిదాన్ని పుట్టించొద్దు ఓబుళేశూ. పలకలు జారి పడినాయని వాళ్ళు చేసింది కూడా అదే కదప్పా." ఇంగ మనం కలవకూడదు, నువ్వు ఈ పక్కకు రావద్దు అన్నాడు. ఆ రోజు ఓబుళేశు తెచ్చిన పొట్లం అట్లే చల్లారిపోయింది.

తీర్పు ముందే ఎట్లా బయటికొచ్చిందో తేల్చమని హైకోర్టు పంపిన విచారణాధికారి ఓబుళేశును పిలిచి అడగాల్సింది అడిగినాడు. ఎప్పుడూ రెండు రాస్తావట, రెండోది చూపించు అన్నాడు. రాయలేదు సార్ అన్నాడు ఓబుళేశు. ఎందుకు రాయలేదంటే, మనసొప్పలేదు సార్ అన్నాడు. అధికారి అదే రాసుకున్నాడు. ఒక్కపొద్దు సంగతి ఓబుళేశు బయట పెట్టలేదు. పెట్టింది శేషన్నే, తన వాంగ్మూలంలో తన చేత్తోనే రాసిచ్చినాడు. శేషన్న లంచం తిన్నాడని ఎవరూ అనలేదు. విలేకరితో అంత దగ్గరితనం జడ్జికి తగదని మాత్రం రాసినారు. అది అబద్ధం కూడా కాదాయె. శేషన్న పదవీకాలం ఉండగానే స్వచ్ఛందంగా విరమణ తీసుకుని కడపకు పోయినాడు. పోయేటప్పుడు చెప్పి పోలేదు. ఓబుళేశు ఉద్యోగం మాత్రం చెక్కుచెదరలేదు. కోర్టు వార్తలు రాసేందుకు పేపరుకు ఇంకో మనిషి దొరకలేదు. ఆ బల్ల మీద కూర్చున్నప్పుడల్లా ఆయనకు తన మీద తనకే అసహ్యం పుట్టేది.

కేసు కడప కోర్టుకు పోయింది. ముద్దాయిలు హనుమంతమ్మను మళ్ళీ పిలిచి ప్రశ్నించల్ల అని అర్జీ పెట్టుకున్నారు, కోర్టు ఒప్పుకుంది. ఈ సందులో హనుమంతమ్మ కొడుక్కు అదే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పని దొరికింది. ఇంక చెప్పేదేముంది? ఆమె బోనెక్కి, తల వంచుకుని, దుమ్ము శానా ఉండె సార్, నాకు సరిగా కనపడలే అనింది. ఏ దుమ్ము వద్దని ఏసుబాబు సంతకాలు పెట్టించినాడో, ఆ దుమ్మే వాని చావును కప్పేసింది. కృపమణి ఆ రోజూ బుట్టలో ఇద్దరికీ సద్ది తెచ్చింది. హనుమంతమ్మ ఆ మూలకు రాకుండా నేరుగా బస్టాండుకు పోయింది. ఓబుళేశు పళ్ళు నూరితే కృపమణే అడ్డుపడింది. దాన్నేమీ అనొద్దన్నా, దానికీ ఒకడే కొడుకు అనింది.

కడప తీర్పుకు ఓబుళేశు ఈసారి రెండు కాపీలూ రాసుకుని పోయినాడు. సాక్ష్యాధారాలు లేనందున అనే దగ్గర చేతులు ఆగలేదు, దానికే ఆయనకు భయం వేసింది. మధ్యాహ్నం బయటికొచ్చి డెస్కుకు ఫోన్ చేసి, రెండోది పెట్టండి అన్నాడు. ముద్దాయిలు నవ్వుకుంటూ కార్లెక్కినారు. ఈసారి ఆయన వెనక గేటు నుంచి పోలేదు. కృపమణిని వరండా బల్ల మీద కూర్చోబెట్టి, విడిచిపెట్టేసినారమ్మా, పలకలు పడి పోయినాడేమో అని రాసినారు అని చెప్పినాడు. ఆమె అంతా విని, బుట్ట అడుగు నుంచి ఒక కాగితం తీసింది. కర్నూలు కోర్టు నాటి పొద్దున యాప్‌లో వచ్చిన వార్తను ఎవరి చేతనో జెరాక్స్ అంగట్లో తీయించి పెట్టుకుంది. మడతల దగ్గర అరిగిపోయింది.

"దీంట్లో శిక్ష పడినట్టు రాసినావంట కదన్నా. సమాధుల పండగకు వచ్చి నా బిడ్డ కాడ ఒకతూరి చదువు."

"అది జరగలేదు కదమ్మా."

"తెలుసన్నా. ఇంగ నేను వానికి ఏం చెప్పేది?"

ఆయన ఆ కాగితం అందుకుని, పాత మడతల మీదే మడిచి ఆమెకు తిరిగిచ్చినాడు. అక్కడి నుంచి నేరుగా శేషన్న ఇంటికి పోయినాడు. తలుపు తీసిన అలివేలమ్మ, వచ్చినావా నాయనా అని లోపలికి పిలిచి, ఒక్క కంచమే పెట్టింది. సార్ తినరా అంటే, రాత్రికే తింటాడు, ఆ తీర్పు ఇంకా చదవలేదంటాడు, ఎన్నాళ్ళ నుంచో ఇట్లే, నా మాట వినడు అని కళ్ళొత్తుకుంది. శేషన్న చొక్కా భుజాల మీద వేలాడుతోంది. జరిగిందంతా విన్నాడు. ఆ తల్లి ఏమనింది అని అడిగినాడు. ఓబుళేశు అదీ చెప్పి, ఇన్నాళ్ళూ అడగాలనుకున్నది అడిగేసినాడు.

"నేను రాసిందీ, మీరు రాసిందీ ఒకటేనా సార్?"

"నేను కోర్టులో చదవలేదు కదప్పా," అన్నాడు శేషన్న. ఓబుళేశు కంచంలో అన్నం కలిపి, ముద్ద ఎత్తలేక, చేయి కడుక్కున్నాడు.

సమాధుల పండగ నాడు పల్లె అవతల తోటలో సమాధులన్నిటికీ సున్నం కొట్టి, బంతిపూలు పరిచినారు. పాస్టరు ప్రార్థన చేసి ముందుకు పోయినాడు. కృపమణి కొడుకు తల దగ్గర కొవ్వొత్తి వెలిగించి, కాగితం విప్పి ఓబుళేశు చేతికిచ్చింది. కోర్టులో తన చెవిన పడని మాట ఒక్కటీ ఏ తల్లికీ చెప్పని మనిషి, జరగని తీర్పు చదవడం మొదలుపెట్టినాడు.

"ఇంగా గట్టిగా అన్నా. వానికి ఇనపడల్ల."

మళ్ళీ మొదటి నుంచి చదివినాడు. ఏసుబాబును కొట్టి చంపినట్టు రుజువైందని, పలకలు జారి పడ్డాయన్నది కట్టుకథ అని, ముగ్గురికీ యావజ్జీవం అని అందరూ తలలు తిప్పి చూసేట్టు చదివినాడు. చివరి వాక్యం దగ్గరికి వచ్చినాడు. జడ్జి శేషన్న తీర్పు చదువుతుండగా మృతుని తల్లి కృపమణి కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఆమె కన్నీళ్ళు పెట్టుకోలేదు. గాలికి కొవ్వొత్తి ఆరిపోకుండా చేయి అడ్డం పెట్టుకుని, సమాధి వైపే చూస్తూ, "ఊఁ, తర్వాతన్నా?" అనింది.

తర్వాత ఏమీ లేదు. ఆయన రాసింది అంతే.